చావు ప్రొటీన్‌కి వంతులు పెట్టిన లస్కరు

నేను చెప్పేది మీరు నమ్మరండి. గోదారి మీద ఒట్టు, నా రెండు కళ్ళ మీద ఒట్టు, తలకిందులుగా నిలబడి చెప్పినా నమ్మరు. పెద్ద పెద్ద చదువులు చదివినోళ్ళు పదమూడు మంది బల్ల చుట్టూ కూచుని నమ్మలేదు, మీరెంత? అయినా చెప్తాను. కడుపు మండిపోతోందండి. చెప్పకపోతే ముక్కులోంచి పొగొచ్చేలాగుంది.

ఆవేళ కాకినాడలో, సముద్రం ఒడ్డున కొత్తగా లేపిన రక్తనాళాల ఇనిస్టిట్యూట్‌లో, నా పెళ్ళాం పల్లాలమ్మ మంచమ్మీద పడుకునుంది. ఎడంకాలికి ఎర్రటి మేజోడు. ఒక్క కాలికే. అది మీరు బజార్లో కొనుక్కునే మేజోడు కాదు. దాన్నిండా దోమ తొండం కంటే సన్నటి సూదులు, సూదికో దీపం. ఆ దీపాల వెలుగు కాలి లోపలికి దూరి, రక్తం ఎక్కడ పారతందో, ఎక్కడ ఆగిపోయిందో చూసొచ్చి ఎదురుగా గోడంత స్క్రీన్ మీద బొమ్మేసేస్తది. చర్మం కనపడదు, ఎముక కనపడదు. ఒట్టి నాళాలే, ఎర్రగా, కొమ్మలు కొమ్మలుగా.

నేను చూసి, "ఇదేంటండీ, మా కాలవ మ్యాపు తెచ్చి ఇక్కడ పెట్టేరు?" అన్నాను.

ఆ మేజోడు కనిపెట్టిన సైంటిస్టు డాక్టర్ హేమనళినిగారు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, మెడలో గొలుసు కూడా లేదు, జేబునిండా పెన్నులు. నవ్వేసి, "ఇది కాలవ కాదు అబ్బులుగారూ, మీ ఆవిడ పాదం," అన్నారు.

"పాదమే లెండి. కాని చూడండి, చీలమండ దగ్గర ఇది నీళ్ళొదిలే హెడ్డు లాకు. ఇది పెద్దకాలవ. ఇవన్నీ పిల్లకాలవలు. బొటనవేలు దగ్గరకొచ్చేసరికి శివారు, అంటే కాలవ చిట్టచివర. శివారుకి నీళ్ళు రావట్లేదు."

ఆవిడ నవ్వడం మానేసేరు. "సరిగ్గా అదే జబ్బు. ఎక్కడ చదువుకున్నారు మీరు?"

చదువా! మూడో క్లాసండి, అది కూడా మేస్టారు సెలవు పెట్టిన రోజులే ఎక్కువ. కాని ముప్పై ఒక్క ఏళ్ళు పంటకాలవ మీద లస్కరుగా చేసేను. లస్కరంటే తెలుసుగా, తూములు తెరిచేదీ మూసేదీ వాడే, గట్టు కాసేదీ వాడే. గుబ్బల అబ్బులు కాలవ గట్టు మీద నడుస్తుంటే నీళ్ళు అడుగులో అడుగేసుకుని నా పక్కన నడిచేవి. నన్నడక్కుండా ఎదురీదడానికి బొమ్మిడాయికి కూడా ధైర్యం చాలేది కాదు. నవ్వకండి. నాలుగేళ్ళ కింద కంప్యూటర్ గేట్లొచ్చి, లస్కర్లందర్నీ ఇంటికి పంపేసేక ఆ చేపలు ఏడవడం నేను చెవులారా విన్నాను.

పల్లాలమ్మ నాట్ల ముఠాకి మేస్త్రి. పన్నెండు మంది ఆడాళ్ళు ఆవిడ కూతేస్తే వంగుతారు, కూతేస్తే లేస్తారు. మిగతా చోట్ల నాట్లు యంత్రాలు వేసేస్తన్నాయి గాని, మా శివారు బురదలో యంత్రం దిగిందంటే నడుము దాకా కూరుకుపోయి అమ్మా నాన్నా అంటది. అక్కడ పల్లాలమ్మే దిగాలి. కాలి వేళ్ళతో బురద నొక్కి చూసి, ఇక్కడ నారు పట్టుద్ది, ఇక్కడ పట్టదు అని చెప్పేస్తది. అలాంటి కాలికి నత్తగుల్ల గీరుకుంది. షుగరు మనిషి, నెప్పి తెలీలేదు. మూడు నెలల్లో పుండు అరచేతంత అయ్యింది, బొటనవేలు నేరేడుపండు రంగుకి తిరిగింది.

ఊళ్ళో డాక్టర్లు చూసి పదిహేనో తారీకున పాదం తీసెయ్యాలన్నారు. కంప్యూటర్లో కూడా ఎక్కించేసేరు. పల్లాలమ్మ ఒకటే మాటంది: "ఒంటికాలి మీద నిలబడి నాట్లెయ్యడానికి నేనేవన్నా కొంగనా?"

అప్పుడు తెలిసిందండి, ఇనిస్టిట్యూట్‌లో ఎర్రమేజోడు పరీక్షకి పదిమందిని తీసుకుంటున్నారని. ఇరవై ఒక్క రోజులు. ఈలోగా కొత్త నాళాలు పెరిగితే కాలు ఉంటది. పెరక్కపోతే రంపం. అంతే లెక్క.

"అసలు ఈ మేజోడు ఏం చేస్తదండి?" అని అడిగేను.

హేమనళినిగారు కుర్చీ లాక్కుని కూచున్నారు. మంచి మనిషేనండి, అది ఒప్పుకోవాలి. మా బోటోళ్ళకి చెప్పేటప్పుడు వాచీ చూసుకోరు. "మన శరీరంలో ప్రతి సెల్‌లోనూ చావు ప్రొటీన్లుంటాయి. సెల్ పాడైపోయిందనుకోండి, ఆ ప్రొటీన్ లేచి దాన్ని లోపల్నించే ముక్కలు చేసేస్తుంది. వాటిని కాస్పేజ్‌లు అంటాం. నంబర్లతో పిలుస్తాం. ఇక్కడ మనకి తగాదా ఎనిమిదో నంబరుతో."

"నంబర్లంటే, ఖైదీలాండీ?"

"ఖైదీలే అనుకోండి. షుగరు వల్ల మీ ఆవిడ పాదంలో ఎనిమిదో నంబరు రెచ్చిపోయింది. నాళాల లోపల గోడలాగా పరుచుకున్న సెల్స్ ఉంటాయి, వాటిని చంపేస్తోంది. గోడ కూలితే నాళం పూడిపోతుంది. అందుకని ఈ సీసాలో మందు చుక్కచుక్కగా మేజోట్లోకి పంపి, ఆ ప్రొటీన్‌ని పూర్తిగా నిద్రపుచ్చేస్తాం. చంపేవాడు లేకపోతే నాళాలు బతుకుతాయి. బతికితే పెరుగుతాయి."

వినడానికి ఎంత బాగుంది! నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. "వాడికి చంపడం తప్పించి ఇంకో పనేవీ లేదంటారా?" అన్నాను.

"దాని పేరే చావు ప్రొటీన్ కదండీ."

"నన్ను కూడా ఊళ్ళో నీళ్ళు కట్టేసే ఎదవ అనేవోరండి. అదే నా పేరనుకున్నారు. తూము మూస్తుంటే చూసినోళ్ళే అందరూ. గుర్రపుడెక్క కలుపు లాగి నీళ్ళకి దారి చేస్తుంటే ఒక్కడూ చూళ్ళేదు."

ఆవిడ మర్యాదగా తలూపేరు. మర్యాదగా తలూపితే దానర్థం ఏంటో మీకు తెలుసు, నాకూ తెలుసు.

మొదటి నాలుగు రోజులూ పండగేనండి. చచ్చే సెల్స్ చావడం మానేసినియ్యి. స్క్రీన్ మీద అంకెలన్నీ పచ్చరంగే. పది మంచాలు, పది ఎర్రమేజోళ్ళు, పది మొహాల్లో వెలుగు. పక్క మంచం గాబ్రియేలుది. ఉప్పాడలో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వాడిదీ ఎడంపాదమే, వాడికీ అదే రంగు. వచ్చిన పూటే నన్ను బావా అనేసేడు.

"ఏం బావా, మీ కాలవలో చేపలు నీకు లేచి దణ్ణం పెడతాయంట?"

"రెండు చేతులూ ఎత్తి పెడతాయి."

"చేపలకి చేతులెక్కడివి బావా?"

"నేనొస్తే మొలుస్తాయి."

వార్డంతా నవ్వింది. పల్లాలమ్మ మాత్రం, "ఈయన మాటలు నమ్మకండి అన్నా, పెళ్ళిలో తాళి మూడు ముళ్ళేసేనని చెప్తాడు, రెండే వేసేడు," అంది.

తొమ్మిదో రోజుకి నవ్వులు ఆగిపోయినియ్యి. సెల్స్ చావట్లేదు, నిజమే. కాని కొత్త నాళం ఒక్కటీ మొలవట్లేదు. ఉన్నవేమో చీలమండ దగ్గరే ఉబ్బి, చుట్టలు చుట్టుకుని, గోడల్లోంచి కారిపోతున్నాయి. కాలు గుమ్మడికాయలాగ వాచింది. వేలు నేరేడు రంగులోంచి బొగ్గు రంగుకి దిగింది. నేను స్క్రీన్ ముందు నిలబడ్డాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అది నాకు తెలిసిన బొమ్మే. కంప్యూటర్ గేట్లొచ్చేక మా కాలవ అచ్చం ఇలాగే ఉంది! ఎవడి నీళ్ళూ ఎవడూ ఆపకూడదని తూములన్నీ బార్లా తెరిచి వదిలేసేరు. పైనోళ్ళ చేలు మునిగి కుళ్ళిపోతన్నాయి, శివారు చేలు బీటలు తీస్తన్నాయి. గట్లు ఊరిపోయి జారిపోతన్నాయి. మూసేవాడు లేకపోతే నీళ్ళు ముందుకెళ్ళవండి. పైన మూస్తేనే కింద పారతది. అందుకే వంతులు. ఆరు గంటలు వీడికి, ఆరు గంటలు వాడికి. నా తాత పెట్టేడు, నా నాన్న పెట్టేడు, నేను పెట్టేను. తిట్లు తిన్నాం, నీళ్ళు పంపేం.

హేమనళినిగారి దగ్గరికెళ్ళి చెప్పేను. "అమ్మా, వాణ్ణి మొత్తం పడుకోబెట్టెయ్యకండి. కాసేపు పడుకోబెట్టండి, కాసేపు లేపండి. వంతులెయ్యండి."

"అబ్బులుగారూ, లేపితే మళ్ళీ చంపడం మొదలెడుతుంది. మందు సరిపోవట్లేదు, అంతే. రేపట్నించి డోసు పెంచుతున్నాను."

"ఇంకా పడుకోబెడతారా?"

"ఇంకా."

నాకు కోపమొస్తే ఎలాగుంటదో తెలుసా మీకు? నేను కూచున్న స్టూలు పక్కకి జరిగిపోయిందండి, దానంతటదే.

వచ్చి పల్లాలమ్మకి చెప్పేను. అది అంతా విని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, "కాలు ఎవరిది మావా?" అంది.

"నీదే."

"మరి నువ్వు లస్కరువా కాదా? నీ కాలవైతే వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కుంటా కూచునేవాడివా? వంతులెయ్యి."

మర్నాడు పొద్దున్నే మొదలెట్టేను. సీసాలోంచి మేజోట్లోకి సన్నటి గొట్టం ఒకటి వస్తది. గొట్టం పీకితే అలారం మోగుద్దని అందరూ భయపెట్టేరు. నేను చూసేను. సెన్సార్ సీసా మూతి దగ్గరుంది. ఎన్ని చుక్కలు బయటికెళ్ళాయో లెక్కెడుతోంది గాని, ఆ చుక్కలు ఎక్కడికెళ్ళాయో చూడట్లేదు. ఓరి మీ దుంపతెగ! ఇదీ మా కాలవ ఆఫీసు తెలివే! గేటు ఎన్ని అంగుళాలు లేచిందో కాగితం మీద రాస్తారు, నీళ్ళు చేలోకెళ్ళాయా చెరువులో పడ్డాయా అని ఒక్కడూ గట్టు దిగి చూడడు.

గొట్టం కొస మేజోట్లోంచి లాగి, మంచం పక్కనున్న క్రోటను మొక్క కుండీలో పెట్టేను. ఆరు గంటలు కుండీకి. ఆరు గంటలు కాలికి. ఆరంటే సరిగ్గా ఆరని కాదు, వాచీ చూసి కాదు, కాలి రంగు చూసి. వేలు ఇంకా నల్లబడితే కాలికి మందు, కాలు ఉబ్బితే కుండీకి మందు. పల్లాలమ్మ కాలి మీద దుప్పటి కప్పుకుని నర్సులతో కబుర్లు చెప్తా ఉండేది. ఆ క్రోటను సంగతి చెప్పమంటారా? దానికి ఆకు రాలడం మానేసింది. పండిపోయిన ఆకులు కూడా ఊడవు. ఈగ వాలితే ఈగ కూడా చావదు. సరే, ఈగ సంగతి వదిలెయ్యండి.

పదమూడో రోజున స్క్రీన్ మీద చీలమండ దగ్గర ఒక సన్నటి ఎర్రపోగు కనపడింది. పద్నాలుగో రోజుకి నాలుగు. పదహారో రోజుకి బొటనవేలి దాకా పిల్లకాలవలు అల్లుకుపోయినియ్యి, చెత్తచుట్టలన్నీ పూడిపోయినియ్యి. వేలు తామరమొగ్గలాగ ఎర్రబడింది. పల్లాలమ్మ ఆ వేలు కదిపి, "చలేస్తోంది మావా కాలికి," అని ఏడ్చేసింది. మూడు నెలల తరవాత ఆ కాలికి చలి తెలిసిందండి.

హేమనళినిగారు పరిగెత్తుకొచ్చేరు. మొహం వెలిగిపోతోంది. "చూసేరా అబ్బులుగారూ! డోసు పెంచినందుకే! మిగతా తొమ్మిదిమందికీ రెట్టింపు చేసేస్తున్నాను!"

నేను గొట్టం కనపడకుండా దుప్పటి కొస లాగేను.

ఎందుకు చెప్పలేదంటారా? మీరు చెప్పేవోరా? చెప్తే ఏం చేస్తారు, రూలు దాటేవని పల్లాలమ్మ కాలికి మేజోడు ఊడదీసి బయటికి గెంటుతారు. ఇంకా అయిదు రోజులుంది. మొలిచిన నాళాలు చంటిపిల్లల్లాగున్నాయి. నా పెళ్ళాం కాలు ముందా, లోకం కాలు ముందా? నోరు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను, అదీ తెరవాల్సిన రోజున.

గాబ్రియేలు పక్క మంచమ్మీంచి తొంగి చూసేడు. "బావా, మా చెల్లెమ్మ కాలు గులాబీ పువ్వులాగుంది. ఏం పెడతన్నావు? నాకూ చెప్పవా?"

వాడి కాలు చూసేను. నల్లగా, వాచిపోయి, మెరుస్తా ఉంది. నా నోట్లోంచి వచ్చింది: "మునగాకు."

"మునగాకా?"

"మూడు పూటలా. పసరు తీసి."

నేను బోలెడు అబద్ధాలు చెప్తానండి, సరదాకి. అబద్ధం చెప్పడం నాకు చుట్ట కాల్చడం లాంటిది. ఆ ఒక్కటీ సరదాకి చెప్పలేదు. గాబ్రియేలు కూతురు రోజూ పొద్దున్నే మునగాకు మోసుకొచ్చేది. వాడు ముక్కు మూసుకుని తాగేవాడు. "నీ దయ బావా," అనేవాడు తాగిన ప్రతిసారీ.

ఇరవయ్యో రోజు మజ్జాన్నం, వార్డుబాయ్ గాబ్రియేలు మంచానికి ఎర్ర చీటీ కట్టేడు. రేపు రంపం. అప్పటికే ముగ్గురికి కట్టేసేరు. గాబ్రియేలు చీటీ చూసి, నాకేసి తిరిగి, "ఇంకో రెండు గ్లాసులు ఎక్కువ తాగితే ఆగుద్దేమో బావా?" అన్నాడు.

నేను లేచేను. ఎలాగెళ్ళేనో తెలీదు, హేమనళినిగారి గది తలుపు నేను తోసేసరికి గోడ కూడా కదిలింది. మొత్తం కక్కేసేను. గొట్టం, కుండీ, వంతులు, మునగాకు.

ఆవిడ లేచి నిలబడ్డారు. "పదకొండు రోజులు! పదకొండు రోజులు నాకు చెప్పకుండా... మీ ఆవిడ కాలు చూసి నేను తొమ్మిదిమందికి డోసు పెంచేను. తెలుసా మీకు?"

"తెలుసు! నాకు తెలుసు! మీకు తెలీదూ? తొమ్మిదో రోజున చెప్పేనా లేదా? మూడో క్లాసోడు చెప్తే మీ చెవుల్లో దూరదా? చుక్కలు లెక్కెట్టుకున్నారు గాని, ఒక్కనాడైనా దుప్పటెత్తి చూసేరా?"

ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు. నాకూ అంతే. అయినా ఇద్దరం అరుచుకుంటూనే ఉన్నాం. తరవాత ఆవిడ వార్డుకెళ్ళి, క్రోటను కుండీలో మట్టి తీసుకెళ్ళి పరీక్ష చేసేరు. సగం మందు మట్టిలోనే ఉంది.

గంట తరవాత నా దగ్గరకొచ్చి నేల మీద, నా పక్కనే చతికిలబడ్డారు. "మీరడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది," అన్నారు. "దానికి ఇంకో పనుంది. ఎక్కువ రెచ్చిపోతే చంపుతుంది. కొంచెంగా ఉన్నప్పుడు చంపదు. నాళం కొసన ఉన్న సెల్‌ని ముందుకి తోస్తుంది, కదులు, మొలకెత్తు అంటుంది. చెడ్డ కొమ్మల్ని అదే కత్తిరిస్తుంది. నేను దాన్ని మొత్తం నిద్రపుచ్చేసేను. చావు ఆగింది. ఎదగడం కూడా ఆగింది."

"మూసేవాడూ వాడే, దారి చేసేవాడూ వాడే."

"వాడే," అన్నారావిడ.

ఆ సాయంత్రమే ఆవిడ రంపం వాయిదా వేయించి, గాబ్రియేలు సీసా ఆపేసేరు, మిగతా అందరివీ ఆపేసేరు. వంతుల లెక్క రాసుకుని, పరీక్షలకి అనుమతులిచ్చే కమిటీ దగ్గరికెళ్ళేరు. నన్నూ తీసుకెళ్ళేరు. పదమూడు మంది, నున్నటి బల్ల, చల్లటి గది. పెద్దాయన ఒకడు కళ్ళజోడు తుడుచుకుంటా, "ఈ పదో నంబరు రోగి రూలు తప్పింది. ఆ ఫలితం చెల్లదు. కొట్టెయ్యండి," అన్నాడు.

"సార్, పదిమందిలో నయమైన కాలు అదొక్కటే!" అన్నారు హేమనళినిగారు.

"నయమైందని ఎవరన్నారు? రికార్డులో లేని కాలు నయమవదు. మిగతా తొమ్మిదిమంది రికార్డు సక్రమంగా ఉంది. తొంభై ఎనిమిది శాతం సెల్స్ బతికున్నాయి. ప్రయోగం సఫలం. అనుమతి లేకుండా మీరు మందు ఎందుకాపేరు? వెంటనే మళ్ళీ పెట్టించండి."

నేను బల్ల మీద గుద్దేను. నీళ్ళ గ్లాసులు పదమూడూ ఒకేసారి గెంతినియ్యి. "సెల్స్ బతికేయి, కాలు చచ్చిందయ్యా! కాలు!" అన్నాను. ఇద్దరు గార్డులు నన్ను మోసుకెళ్ళి మెట్ల మీద పెట్టేరు. ఇద్దరు చాల్లేదు, అయిదుగురు.

మందు మళ్ళీ పెట్టేరు. మూడోరోజు పొద్దున్న గాబ్రియేలు పాదం తీసేసేరు. వాడితో కలిపి అయిదుగురివి. హేమనళినిగారు ఆవేళే ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి బయటికొచ్చేసేరు. ఇప్పుడు ఎక్కడెక్కడో తిరుగుతున్నారు, వంతుల పరీక్ష పెట్టనిచ్చేవాళ్ళ కోసం. రుజువేదని అడుగుతున్నారంట అందరూ.

మేం ఊరొచ్చేసేం. నాట్ల రోజులు. పల్లాలమ్మ ముఠాతో చేను దగ్గరికెళ్తే, గట్టు మీద కూలోళ్ళకి హాజరేసే పనుల మెషీను ఆవిడ మొహం చూసి ఎర్రలైటు వేసింది. "వికలాంగులకి బురద పని నిషేధం," అంది ఆడగొంతుతో, ఎంతో తియ్యగా. సంగతేంటంటే, ఇనిస్టిట్యూట్ రికార్డు కొట్టేసేరు గదా, కంప్యూటరు వెనక్కెళ్ళి పాత లైను పట్టుకుంది. పదిహేనో తారీకున పాదం తీసెయ్యాలి అని. తారీకు దాటిపోయింది కాబట్టి తీసేసినట్టే.

పల్లాలమ్మ సరాసరి ఆఫీసుకెళ్ళి, ఆఫీసరు బల్ల మీద, కాగితాల మీద, బురద కాలు ఠపీమని పెట్టింది. "ఇదేంటి బాబూ? వంకాయా?"

ఆ కుర్రాఫీసరు కాలు చూసేడు, స్క్రీన్ చూసేడు. మళ్ళీ కాలు చూసేడు. "అమ్మా, నాకు కనపడుతోంది. కాని సిస్టంలో కనపడట్లేదు."

"అయితే సిస్టాన్నే నాట్లెయ్యమను!"

వారం తిరక్కుండా డ్రోన్ ఒకటి మా వాకిట్లో పెట్టె పడేసి పోయింది. విప్పితే పాదం. రబ్బరుదో ప్లాస్టిక్‌దో గాని, ఎడంపాదం, చామనఛాయ, గోళ్ళతో సహా. పెళ్ళైన ఆడమనిషని రాసుందేమో, రెండో వేలికి వెండిరంగు మెట్టె కూడా పోసేరు దాంట్లోనే. పల్లాలమ్మ దాన్ని పట్టుకుని చూసింది, చూసింది. "గాబ్రియేలన్నకి ఇలాంటిది ఇచ్చేరా మావా?" అంది.

ఫోన్ చేసి కనుక్కున్నాను. ఇవ్వలేదు. వాడి రికార్డు సక్రమంగా ఉంది గదా! సెల్స్ తొంభై ఎనిమిది శాతం బతికున్నాయి, అంచేత పాదం సజీవం అని రాసుంది. ఉన్న కాలికి ఇంకో కాలెందుకిస్తారు?

విన్నారా? రెండు కాళ్ళున్నదానికి కాలు పంపించేరు. కాలు లేనోడికి కాలుందన్నారు. ఇదేదో నేను కల్పించేనంటారా? ఇంత కల్పించే తెలివి నాకుంటే మూడో క్లాసులో ఎందుకాగిపోతాను?

పాదం సంచిలో వేసుకుని ఉప్పాడ వెళ్ళేను. గాబ్రియేలు ఇసకలో, బోర్లించిన పడవ కింద నీడలో కూచుని ఇంజను తుడుస్తున్నాడు. నన్ను చూసి, "రా బావా," అన్నాడు. నేను కూచోలేదు. నిలబడే చెప్పేను. మునగాకు అబద్ధమని. గొట్టం నేనే పీకేనని. చెప్పుంటే వాడి కాలు ఉండేదేమోనని. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క పెంచలేదు. నా జన్మలో అంత చప్పగా ఎప్పుడూ చెప్పలేదు.

వాడు చాలాసేపు ఇంజనే తుడిచేడు.

"ఆ పసరు తాగి తాగి నా నోరు మేకనోరైపోయింది బావా," అన్నాడు చివరికి. "సంచిలో ఏంటి?"

ఇచ్చేను. తిప్పి తిప్పి చూసేడు. మెట్టె చూసి ముక్కుతో నవ్వేడు. "ఆడకాలు." చిన్నదే వాడికి, అయినా పట్టీలు బిగించుకున్నాడు. పడవ అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఒకడుగు వేసేడు. రెండు. చెక్క పట్టుకుని, ఊపిరి తీసుకుని, "అటు తిరుగు బావా," అన్నాడు.

తిరిగేను.

తన్నేడండి. పడవ మీద రెండు చేతులూ ఆనించి, బలమంతా కూడదీసి, ఆ కొత్తకాలితో నా నడుం మీద ఒక్కటి తన్నేడు. నేనెళ్ళి నీళ్ళలో పడ్డాను. ఎంతదూరం పడ్డానంటే, వలలాగేవాళ్ళు నన్ను టూనా చేపనుకుని పరిగెత్తుకొచ్చేరు. లేచొచ్చి చూస్తే వాడు ఏడుస్తున్నాడు. పడిపోలేదు గాని, నిలబడే ఏడుస్తున్నాడు.

"శుక్రవారం శుక్రవారం రా బావా," అన్నాడు. "కాలు అలవాటవ్వాలి."

వెళ్తున్నాను. నిన్న కూడా వెళ్ళేను. మా పల్లాలమ్మ కాలు సిస్టంలో లేదు, నిజమే. గాబ్రియేలు కాలు సిస్టంలో ఉంది, అదీ నిజమే. మూతి అలా వంకర తిప్పుతున్నారేంటి, అబద్ధమనా? అయితే ఇలా రండి, చొక్కా ఎత్తుతాను. ఇదిగో అయిదు వేళ్ళు, ఇదిగో రెండో వేలి మీద మెట్టె ముద్ర. ఎడంపాదం లేని మగాడొకడు ఎడంపాదంతో, అదీ మెట్టె ఉన్న పాదంతో నన్ను తన్నలేదని మీ కంప్యూటర్లన్నీ తెచ్చుకుని, మీ పదమూడు మందినీ తెచ్చుకుని రుజువు చెయ్యండి. చెయ్యండి చూద్దాం!